జ్వరాల సీజన్లో ఫ్లూ టెస్టు ఎవరికి రాయాలి? పీహెచ్‌సీలో నిర్ణయించుకునే పద్ధతి

నెల్లూరు జిల్లాలో పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరుగా చేరిన మొదటి ఏడాది, కార్తీక మాసంలో ముసురు పట్టిన ఒక సోమవారం మా ఓపీకి నూట ముప్పై మంది వచ్చారు. సగానికి పైగా జ్వరం, దగ్గు, ఒళ్ళు నొప్పులే. స్వాబును ల్యాబుకు పంపే ద్రవం ఉండే వీటీఎం ట్యూబులు నా దగ్గర ఉన్నవి పన్నెండు. వరసలో ముందు నిలబడ్డ పన్నెండు మందికి స్వాబులు తీసేశాను. పదకొండున్నరకల్లా ట్యూబులు అయిపోయాయి. సాయంత్రం నాలుగింటికి ఏడో నెల గర్భిణిని ఆటోలో తీసుకొచ్చారు. ఆయాసంతో ఒక్క మాట కూడా పూర్తి చేయలేకపోతోంది. ఆమెకు తీయడానికి ట్యూబు లేదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి ఉంది. రెండు రోజుల ముందే ఆమెకు జ్వరమని ఆశా ఫోన్ చేసింది. "సోమవారం తీసుకురామ్మా, స్వాబ్ తీసి చూద్దాం" అన్నాను. ఆ రోజే ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదలుపెట్టాల్సింది.

తల్లీ బిడ్డా దక్కారు. కానీ ఆ సాయంత్రం నేను మర్చిపోలేదు. కొత్తగా పోస్టింగు వచ్చిన డాక్టర్లు, విలేజ్ క్లినిక్కుల్లో పనిచేసే సీహెచ్‌వోలు, స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు నేను చేసిన పని చేయకూడదని ఇది రాస్తున్నాను. స్వాబ్ చేతిలోకి తీసుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ రిపోర్టు వస్తే నేను చేసే పని ఏమైనా మారుతుందా? మారదనుకుంటే ఆ ట్యూబు ఇంకొకరిది.

ముందు, ఊళ్ళో తిరుగుతున్నది ఫ్లూనేనా?

ఒక ఊరి నుంచి, ఒక కాలనీ నుంచి నాలుగైదు రోజుల్లో ఒకే రకం జ్వరాలు ఎక్కువగా వస్తున్నాయని మీకో, ఏఎన్ఎంకో అనిపించిన రోజు నుంచే లెక్క మొదలుపెట్టండి. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో ముందే అనుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత తేలికైనదే: జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. దగ్గు ఉండాలి. జబ్బు మొదలై పది రోజులు దాటకూడదు. దీన్నే ఐఎల్ఐ, అంటే ఫ్లూ లాంటి జబ్బు అంటాం. ఇవే లక్షణాలతో ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వస్తే అది సారీ (SARI) కేసు, అంటే తీవ్రమైన శ్వాసకోశ జబ్బు. సారీ కేసుకు కొలిచిన జ్వరం లేకపోయినా పర్లేదు, జ్వరం వచ్చిందని చెప్పినా చాలు.

ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. మీ దగ్గరికి వచ్చేలోపే చాలామంది ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని వస్తారు. అందులో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉంటే ఆ పూటకు జ్వరం దిగిపోతుంది, ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, ఆకలి కూడా వేస్తుంది. థర్మామీటరులో 98.6 కనిపించిందని వాళ్ళను లెక్కలోంచి తీసేయొద్దు. "నిన్న సూది వేయించుకున్నావా? ఎక్కడ?" అని కోప్పడకుండా అడగండి. కోప్పడితే నిజం చెప్పరు.

ఇప్పుడు మొదటి శాంపిళ్ళు. ఇవి మనుషుల కోసం కాదు, ఊరి కోసం. ఊళ్ళో తిరుగుతున్న జబ్బు ఏమిటో తేలడానికి ఐదు నుంచి పది శాంపిళ్ళు సరిపోతాయి. ఒక చిన్న లెక్క వేసి చూడండి. జ్వరం పడ్డవాళ్ళలో పదిమందికి ముగ్గురికే ఫ్లూ అనుకుందాం. మీరు ఒకే ఒక్కరికి స్వాబ్ తీస్తే, నెగిటివ్ వచ్చి మీరు దారి తప్పే అవకాశం 70 శాతం. ఐదుగురికి తీస్తే ఒక్కటైనా పాజిటివ్ వచ్చే అవకాశం సుమారు 83 శాతానికి పెరుగుతుంది. పది తీస్తే 97 శాతం. పదకొండోది తీసినా ఈ ప్రశ్నకు కొత్త జవాబు రాదు. అందుకే మొదటి పదిలో రెండు పాజిటివ్ వచ్చాయంటే ఆ ఊరి వరకు సంగతి తేలినట్టే. ఆ తర్వాత అదే ఊరి నుంచి అవే లక్షణాలతో వచ్చేవాళ్ళకు లక్షణాలను బట్టే వైద్యం చేయండి.

ఆ ఐదు పది మందిని ఎంచుకోవడంలోనే పనితనం ఉంది. జబ్బు మొదలై మూడు రోజులు దాటనివాళ్ళను తీసుకోండి, నాలుగో రోజు వరకు ఫర్వాలేదు. మొదటి రోజుల్లోనే ముక్కులో, గొంతులో వైరస్ ఎక్కువగా ఉంటుంది. అందరినీ ఒకే ఇంటి నుంచి తీయొద్దు. రెండు మూడు వీధులు, పిల్లలు ఒకరిద్దరు, పెద్దవాళ్ళు ఒకరిద్దరు ఉండేలా చూడండి. ఎస్సీ కాలనీ, ఎస్టీ కాలనీ ఊరికి దూరంగా ఉంటే అక్కడి నుంచీ ఒకటి తీయండి. ఓపీకి రాలేనివాళ్ళు అక్కడే ఉంటారు.

అదే రోజు జిల్లా సర్వైలెన్స్ ఆఫీసుకు ఫోన్ చేయండి, జబ్బుల సమాచారం నమోదు చేసే ఐహెచ్ఐపీ పోర్టల్లో ఎంటర్ చేయండి. శాంపిళ్ళు ఏ ల్యాబుకు పంపాలో, బండి ఎప్పుడు బయల్దేరుతుందో వాళ్ళే చెబుతారు. తిరుపతి స్విమ్స్‌లోని వైరాలజీ ల్యాబు మన ప్రాంతానికి చాలాకాలం దిక్కుగా ఉంది. కోవిడ్ వచ్చాక జిల్లా కేంద్రాల్లోనూ ఆర్టీపీసీఆర్ చేసే ఏర్పాట్లు వచ్చాయి. రాష్ట్రంలో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే బయటపడింది. శాంపిల్ తీయడం, ప్యాక్ చేయడం అప్పుడు నేర్చుకున్న ల్యాబ్ టెక్నీషియన్లు ఇప్పటికీ మన దగ్గర ఉన్నారు. వాళ్ళ అనుభవాన్ని వాడుకోండి.

ఫ్లూ కాని జ్వరాలు

ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అన్ని జ్వరాలూ కలిసే వస్తాయి. దగ్గు, జలుబు లేకుండా కళ్ళ వెనక నొప్పి, ఒంటి మీద దద్దుర్లు ఉంటే డెంగీ టెస్టు ముందు. చలి, వణుకు ఉంటే మలేరియా స్లైడు. నాట్లలో, కలుపులో దిగినవాళ్ళకు కళ్ళు ఎర్రబడి పిక్కలు విపరీతంగా నొప్పిగా ఉంటే లెప్టోస్పైరోసిస్ ఆలోచించండి. వారం దాటిన జ్వరం అయితే బట్టలు కొంచెం పక్కకు తీయించి చంకలు, గజ్జలు, మొలతాడు కట్టే చోటు చూడండి. సిగరెట్ కాలినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్. దానికి డాక్సీసైక్లిన్ కావాలి, ఫ్లూ స్వాబ్ కాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష తప్పనిసరి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, మార్కాపురం పలకల పనిలో ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చిన మనిషి దగ్గుతో వస్తే టీబీ సంగతి ముందు చూడండి.

ఓపీ వరసలోనే విడదీయడం

ఊళ్ళో ఫ్లూ ఉందని తేలాక అసలు పని మొదలవుతుంది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు కేంద్ర ఆరోగ్య శాఖ రోగులను ఏ, బీ, సీ అని మూడు వర్గాలు చేసింది. ఆ పద్ధతి నాకు ఇప్పటికీ పనికొస్తోంది. అందులో టెస్టు సంగతి ఒక్క ముక్కలో చెప్పారు: ఏకి వద్దు, బీకి వద్దు, సీకి కావాలి. ఇది విన్నప్పుడు కొత్త డాక్టర్లు బీ దగ్గర ఆగిపోతారు, నేనూ ఆగాను. అందుకే దాని గురించి ఎక్కువ చెబుతాను.

ఓపీ చీటీ రాసే చోటే ఒక ఏఎన్ఎంను కూర్చోబెట్టండి. దగ్గుతో ఉన్నవాళ్ళకు మాస్కు ఇచ్చి వరండాలో గాలి ఆడే పక్కన కూర్చోమని చెప్పాలి. ఒక్కొక్కరికి వేలికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి చూడాలి, జ్వరం చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి. ఊపిరి నిమిషం మొత్తం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే చిన్నపిల్లల్లో తప్పుతుంది. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఈ అంకెలు చేరినా, దాటినా ఊపిరి వేగంగా ఉన్నట్టు. పెద్దవాళ్ళలో నిమిషానికి 24 దాటితే, ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే వాళ్ళను వరసలో ఉంచకుండా నేరుగా లోపలికి పంపమని చెప్పండి.

ఏ వర్గం అంటే మామూలు జ్వరం, దగ్గు, గొంతు నొప్పి. ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, విరేచనాలు, వాంతులు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మనిషి నడిచి వచ్చాడు, తింటున్నాడు, తాగుతున్నాడు. ఇతనికి పారాసెటమాల్, విశ్రాంతి, ఇంట్లోనే ఉండటం చాలు. 24 నుంచి 48 గంటల్లో ఎలా ఉన్నాడో మళ్ళీ తెలుసుకోవాలి. టెస్టు అక్కర్లేదు, ఒసెల్టామివిర్ కూడా అక్కర్లేదు.

బీ వర్గంలో రెండు రకాలు. మొదటి రకం వాళ్ళకు ఇవే లక్షణాలతో పాటు జ్వరం ఎక్కువగా, గొంతు నొప్పి తీవ్రంగా ఉంటుంది. వీళ్ళను ఇంట్లో విడిగా ఉంచాలి. ఒసెల్టామివిర్ ఇవ్వాలా వద్దా అన్నది మీరు చూసి నిర్ణయించండి. రెండో రకం వాళ్ళకు జబ్బు ఈ పూటకు తేలిగ్గానే ఉండొచ్చు, కానీ ముదిరితే తట్టుకోలేరు: గర్భిణులు, 65 దాటినవాళ్ళు, చిన్నపిల్లలు, అందులోనూ రెండేళ్ళ లోపు వాళ్ళు, షుగరు, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ, కాలేయం జబ్బులున్నవాళ్ళు, క్యాన్సరు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళు.

వీళ్ళకు టెస్టు ఎందుకు వద్దంటున్నారు? ఊళ్ళో ఫ్లూ తిరుగుతోందని మనకు ముందే తెలుసు. షుగరు ఉన్న యాభై ఎనిమిదేళ్ళ ఆయన పొదలకూరు నుంచి జ్వరం, దగ్గుతో వచ్చాడు. స్వాబ్ తీశాం. పాజిటివ్ వస్తే ఒసెల్టామివిర్ ఇస్తాం. నెగిటివ్ వస్తే? శాంపిల్ సరిగ్గా పడలేదేమో, దారిలో చెడిపోయిందేమో అనుకుని అప్పుడూ ఇస్తాం. రెండు దారులూ ఒకే మాత్ర దగ్గరికే చేరుతున్నప్పుడు టెస్టు వల్ల జరిగేది ఆలస్యం ఒక్కటే. ఒసెల్టామివిర్ జబ్బు మొదలైన 48 గంటల్లోపు వేస్తేనే బాగా పనిచేస్తుంది. ఉదయగిరి వైపు నుంచి శాంపిల్ ల్యాబుకు చేరి, రిపోర్టు తిరిగి మీ ఫోనుకు వచ్చేసరికి ఆ 48 గంటలు దాటిపోతాయి. అందుకే వీళ్ళ చేతిలో పెట్టాల్సింది మాత్ర.

పెద్దవాళ్ళకు 75 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. గర్భిణులకూ ఇదే డోసు, భయపడొద్దు. గర్భంలో ఏ మాత్రా వేయకూడదని ఇంట్లో అత్తగారు అడ్డుపడితే ఆవిడతోనే మాట్లాడండి. ఫ్లూ గర్భిణికి ఎంత ప్రమాదమో, మాత్ర వల్ల ఆ ప్రమాదం ఎలా తగ్గుతుందో చెప్పండి. పిల్లలకు బరువును బట్టి ఇవ్వాలి: 15 కిలోల వరకు 30, ఆపైన 23 దాకా 45, 40 దాకా 60 మిల్లీగ్రాములు, ఆపైన పెద్దల డోసే. ఇవి ఏడాది దాటిన పిల్లలకు. ఏడాది లోపు బిడ్డకు లెక్క వేరు, పిల్లల డాక్టరును అడిగే ఇవ్వండి. కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో పనిచేసేవాళ్ళకు ఒక ప్రత్యేక మనవి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఆ ఊళ్ళలో కిడ్నీ జబ్బులు కూడా చూస్తుంటాం. క్రియాటినిన్ తెలుసుకోకుండా పూర్తి డోసు రాయొద్దు, కిడ్నీ పనితనాన్ని బట్టి తగ్గించాలి.

ట్యూబులు దాచాల్సింది వీళ్ళ కోసం

సీ వర్గం. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, బీపీ పడిపోవడం, కఫంలో రక్తం, గోళ్ళు నీలంగా మారడం. వీటిలో ఒక్కటున్నా సీయే. పిల్లల్లో డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం, పాలు తాగలేకపోవడం, ఫిట్స్, లేపినా సరిగ్గా లేవకపోవడం, దిగని జ్వరం. అలాగే, అప్పటికే ఉన్న జబ్బు ఒక్కసారిగా ముదిరినవాళ్ళు: అదుపులో ఉన్న ఆస్తమా అదుపు తప్పడం, గుండె జబ్బు మనిషికి కాళ్ళు వాచి పడుకోలేకపోవడం.

వీళ్ళను చేర్చుకోవాలి, టెస్టు చేయాలి, మందు మొదలుపెట్టాలి. మూడూ ఒకేసారి. ఇక్కడ రిపోర్టు వల్ల నిజంగా పని మారుతుంది. వార్డులో ఎవరి పక్కన పడుకోబెట్టాలి, ఏ యాంటీబయాటిక్ ఆపొచ్చు, వెంటిలేటరు దాకా వెళ్తే ఏం ఎదురుచూడాలి అన్నవన్నీ దాని మీదే ఆధారపడతాయి.

కానీ పీహెచ్‌సీలో పని వరస ఇలా ఉండాలి: ముందు ఆక్సిజన్, తర్వాత 108కి ఫోన్, మింగగలిగితే మొదటి మాత్ర, ఆ తర్వాత బండి వచ్చేలోపు స్వాబ్. బండి వచ్చేస్తే స్వాబ్ కోసం ఒక్క నిమిషం కూడా ఆపొద్దు. రిఫరల్ చీటీ మీద "స్వాబ్ తీయలేదు, ఒసెల్టామివిర్ మొదటి డోసు ఇన్ని గంటలకు వేశాం" అని పెద్ద అక్షరాలతో రాయండి. నెల్లూరు పెద్దాసుపత్రిలోనో, ఒంగోలు రిమ్స్‌లోనో తీసుకుంటారు. అది రాయకపోతే మీరు తీశారనుకుని వాళ్ళు, వాళ్ళు తీస్తారనుకుని మీరు ఉండిపోతారు. నాకు తెలిసి అలా జరిగింది.

రోగం మధ్యలో తగ్గి మళ్ళీ తిరగబెట్టినవాళ్ళను వదలొద్దు. నాలుగో రోజుకు జ్వరం దిగింది, ఆరో రోజున చలితో మళ్ళీ వచ్చింది, కఫం పచ్చగా పడుతోంది. ఇది ఫ్లూ వెనక వచ్చే బ్యాక్టీరియా న్యుమోనియా కావచ్చు. వీళ్ళకు ఎక్స్‌రే, రక్త పరీక్ష, యాంటీబయాటిక్ ముందు చూడాలి.

ముసలివాళ్ళ గురించి ఒక మాట. ఎనభై ఏళ్ళ అవ్వకు జ్వరం రాకపోవచ్చు. నిన్నటిదాకా మనవళ్ళ పేర్లు పెట్టి పిలిచిన మనిషి ఈ రోజు తికమక పడుతోందని, అన్నం ముట్టలేదని ఇంట్లోవాళ్ళు చెబితే, ఊళ్ళో ఫ్లూ ఉన్న రోజుల్లో అది ఫ్లూ కావచ్చు. వేలికి ఆక్సీమీటరు పెట్టి చూడండి.

తీవ్రత లేకపోయినా టెస్టు చేయాల్సినవాళ్ళు ఇంకొందరున్నారు. ఒసెల్టామివిర్ సరిగ్గా వేసుకున్నా మూడు నాలుగు రోజులకు తగ్గనివాళ్ళు. ప్రసూతి వార్డులో, పసిపిల్లల యూనిట్లో పనిచేసే సిబ్బంది. వాళ్ళకు ఫ్లూ ఉందో లేదో తెలిస్తే డ్యూటీ నుంచి తప్పించాలా అన్న నిర్ణయం మారుతుంది. అలాగే ఆరోగ్యంగా ఉన్న యువకులు వరసగా సీ వర్గంలోకి వస్తుంటే, ఒకే ఇంట్లో రెండు మరణాలు జరిగితే, అంతకుముందు లేని లక్షణాలు కనిపిస్తే, ఊరి సంగతి తేలిపోయిందని ఊరుకోవద్దు. మళ్ళీ మరో ఐదు పది శాంపిళ్ళు తీయించండి.

కోళ్ళ సంగతి అడగండి

ఈ ప్రశ్నను మన జిల్లాల్లో ఎవరూ దాటవేయకూడదు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు, కోవూరు మండలాల్లో కోళ్ళు చచ్చిపోతే బర్డ్ ఫ్లూ అని తేలింది. 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. అది హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అని పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ నిర్ధారించింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు అప్పుడు వార్తల్లో వచ్చింది. నరసరావుపేట ఉన్న పల్నాడు ప్రకాశానికి పొరుగు జిల్లానే.

కాబట్టి జ్వరం, దగ్గుతో వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగండి: "ఈ పది రోజుల్లో మీ ఇంట్లో గానీ, చుట్టుపక్కల గానీ కోళ్ళు, బాతులు చచ్చిపోయాయా? చచ్చినవాటిని తీశారా, కోశారా?" కోళ్ళఫారంలో పనిచేసేవాళ్ళు, చికెన్ షాపువాళ్ళు, పెరట్లో నాటుకోళ్ళు పెంచేవాళ్ళు. అవునంటే, జబ్బు ఎంత తేలిగ్గా ఉన్నా వర్గాలు పక్కన పెట్టేయండి. స్వాబ్ తీయండి, విడిగా ఉంచండి, వెంటనే ఒసెల్టామివిర్ మొదలుపెట్టండి, జిల్లా అధికారికి ఫోన్ చేయండి. ఫారంలో "చచ్చిన కోళ్ళతో సంబంధం ఉంది" అని రాయండి. ఎందుకంటే మామూలు కిట్‌లో ఇది ఇన్‌ఫ్లుయెంజా ఏ పాజిటివ్‌గా కనిపించి, మనుషుల్లో మామూలుగా తిరిగే హెచ్1, హెచ్3 రకాలు రెండిటికీ నెగిటివ్ రావచ్చు. ల్యాబువాళ్ళకు మీ మాట ముందే తెలిస్తే ఆ శాంపిల్‌ను వదలకుండా పుణెకు పంపుతారు.

హాస్టళ్ళు, గురుకులాలు

ఒకే గదిలో ముప్పై మంది పిల్లలు పడుకునే చోట ఫ్లూ ఆగదు. వైరస్ సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో జ్వరం వస్తుంది, జ్వరం రావడానికి ఒక రోజు ముందు నుంచే పక్కవాళ్ళకు అంటుతుంది. మూడు రోజుల్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు పడిపోయారని వార్డెన్ చెబితే ఆ రోజే వెళ్ళండి. కొత్తగా జబ్బు పడ్డ ముగ్గురు నలుగురికి తీయండి, అంతే. పాజిటివ్ వచ్చాక మిగతా పిల్లలకు టెస్టులు వద్దు. జ్వరం ఉన్నవాళ్ళకు వేరే గది, ఆస్తమా ఉన్న పిల్లల లిస్టు, రోజూ రెండు పూటలా ఆక్సీమీటరు. అమ్మానాన్నలు భయపడి పిల్లలందరినీ ఇళ్ళకు తీసుకెళ్తే అదే ఇరవై ఊళ్ళకు పాకుతుంది. వార్డెన్‌తో ఈ మాట గట్టిగా చెప్పండి.

టెస్టు రాయడం లేదని చెప్పడం

ఇది నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది. "మా బిడ్డకు టెస్టు చెయ్ మేడమ్, చెయ్యకపోతే ఎట్టా తెలస్తాది?" అని ఒక తండ్రి నిలదీస్తే, గైడ్‌లైన్ అలా ఉందంటే అతనికి అర్థం కాదు. డబ్బు లేదని మనకు చేయడం లేదనుకుంటాడు. బయటికి వెళ్ళి ప్రైవేటులో డబ్బు పోసి చేయించుకుంటాడు.

నేను ఇలా చెబుతాను: "ఊళ్ళో ఫ్లూ ఉండాదని ల్యాబు నుంచి మనకి తెలిసిపోయింది అయ్యా. నీ బిడ్డకు వచ్చింది కూడా అదే అయి ఉంటుంది. టెస్టు చేసినా, చేయకపోయినా మందు ఇదే. రిపోర్టు కోసం మూడు రోజులు టెన్షన్ పడేకన్నా ఈ నాలుగు చూసుకో: డొక్కలు ఎగరేస్తుండాడా, పాలు తాగడం మానేశాడా, ఫిట్స్ వచ్చాయా, లేపితే లేవడం లేదా. ఒక్కటున్నా రాత్రి రెండైనా సరే 108కి ఫోన్ చెయ్." ఆ నాలుగూ ఒక చీటీ మీద రాసిస్తాను. చేతిలో కాగితం ఉంటే ధైర్యం వస్తుంది. చదువు రానివాళ్ళకు ఆశా చదివి వినిపిస్తుంది.

ప్రైవేటు ల్యాబుల్లో ర్యాపిడ్ టెస్టు ఉంది కదా అని అడుగుతారు. పదిహేను నిమిషాల్లో వస్తుంది, నిజమే. కానీ యాంటీజెన్ ర్యాపిడ్ కిట్లు అసలైన ఫ్లూ కేసుల్లో 50 నుంచి 70 శాతమే పట్టుకుంటాయి. పదిమందిలో ముగ్గురి నుంచి ఐదుగురిని 'నీకు లేదు' అని ఇంటికి పంపేస్తాయి. ఊళ్ళో ఫ్లూ ఉన్న రోజుల్లో దాని పాజిటివ్‌ను నమ్మొచ్చు. దాని నెగిటివ్‌ను చూసి గర్భిణికి మాత్ర ఆపొద్దు.

స్వాబ్ సరిగ్గా తీయడం

ఇంత జాగ్రత్తగా ఎంచుకున్న మనిషికి శాంపిల్ చెడిపోతే బాధగా ఉంటుంది. పుల్ల ప్లాస్టిక్‌ది, కొన పాలిస్టరు లేదా డాక్రాన్‌ది ఉండాలి. చెక్క పుల్ల, దూది కొన పీసీఆర్‌ను పాడుచేస్తాయి. ఓపీ గదిలో కాకుండా ఆరుబయట, గాలి వెనక నుంచి వచ్చేలా నిలబడి, ఎన్95 మాస్కు, గ్లౌజులు, కళ్ళజోడు వేసుకుని తీయండి. ముక్కు నుంచి చెవి దాకా ఉండే దూరంలో సగం దాటి లోపలికి వెళ్ళాలి. పైకి కాకుండా నేలకు సమాంతరంగా పోనివ్వండి. లోపల తగిలాక మెల్లగా తిప్పి కొన్ని సెకన్లు ఉంచి తీయండి. గొంతు స్వాబ్ కూడా తీసి రెండూ ఒకే ట్యూబులో వేయొచ్చు. ట్యూబులో మందు గులాబీ రంగులో ఉండాల్సింది పసుపుగానో మడ్డిగానో మారితే వాడొద్దు.

పేరు, వయసు, తేదీ, టైము ట్యూబు మీదే రాయండి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. ఫారంలో జబ్బు మొదలైన తేదీ తప్పనిసరి. అది లేకుండా రిపోర్టుకు అర్థం చెప్పలేరు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి 72 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. టీకాలు పెట్టే ఫ్రిజ్, అంటే ఐఎల్ఆర్‌లో మాత్రం శాంపిళ్ళు పెట్టొద్దు. విడిగా ఒక క్యారియరుకు ఎర్ర టేపు అంటించి, ఐస్ ప్యాకులు వేసి దానికే వాడండి.

రిపోర్టు వచ్చాక

సీ వర్గం మనిషికి పాజిటివ్ వస్తే చేసేది తెలుసు. నెగిటివ్ వస్తే తొందరపడి మాత్ర ఆపొద్దు. ఏ రోజున తీశారు, ఎవరు తీశారు, ఎన్ని గంటలకు చేరింది అని చూడండి. జబ్బు మొదలై వారం దాటిన మనిషికి ముక్కులో వైరస్ తగ్గిపోయి ఊపిరితిత్తుల్లో ఉండొచ్చు. వెంటిలేటరు మీద ఉంటే శ్వాసనాళంలో వేసిన ట్యూబు నుంచి శాంపిల్ తీయమని ఆసుపత్రివాళ్ళకు ఫోన్ చేసి చెప్పండి. రిఫర్ చేశాక మన పని అయిపోయిందనుకోకండి. మనం ఫోన్ చేస్తే అక్కడివాళ్ళూ శ్రద్ధ పెడతారు.

సాయంత్రం ఓపీ ముగిశాక నేను ఇప్పుడు రెండు పనులు చేస్తాను. బీ వర్గంలోని గర్భిణులు, ముసలివాళ్ళు, షుగరువాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి ఊరి ఆశాకు ఫోన్లో చదువుతాను. 24 గంటల్లో ఒకసారి, 48 గంటల్లో ఒకసారి ఆమె వాళ్ళ ఇంటికి వెళ్ళి "మాత్ర వేసుకున్నావా? నిన్నటికన్నా ఆయాసం ఉందా?" అని అడిగి నాకు చెబుతుంది. రెండోది, మిగిలిన ట్యూబులు లెక్కపెట్టి, అందులో రెండింటిని విడిగా ఒక డబ్బాలో పెట్టి, మీద "రాత్రికి" అని రాసి, డ్యూటీ సిస్టరుకు చేతికి ఇచ్చి ఇంటికి వెళ్తాను.